టెస్టమెంట్ 1994 ఆల్బమ్ 'లో': నిజంగా దాటేయదగినదేనా?

మూడోతీగ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా థ్రాష్ మెటల్ (వేగంగా, మొరటుగా సాగే మెటల్ సంగీతం) ఒక పద్ధతి ప్రకారం వింటున్నాను. ఒక బ్యాండును ఎంచుకుంటే మొదటి ఆల్బమ్ నుంచి వరుసగా, విడుదలైన క్రమంలోనే. ఇప్పుడు టెస్టమెంట్ వంతు వచ్చింది. 'ద లెగసీ' (1987), 'ద న్యూ ఆర్డర్' (1988) రెండూ నన్ను పట్టేశాయి. రోజుకు ఒకసారైనా వినకపోతే తోచడం లేదు. 'ప్రాక్టీస్ వాట్ యూ ప్రీచ్' (1989) కూడా నచ్చింది. 'సోల్స్ ఆఫ్ బ్లాక్' (1990) కొంచెం హడావిడిగా చేసినట్టు అనిపించింది. 'ద రిచ్యువల్' (1992) దగ్గరికి వచ్చేసరికి వేగం బాగా తగ్గింది. పాటలు బాగానే ఉన్నాయి కానీ, నేను వెతుకుతున్న నిప్పు అందులో కనిపించలేదు.

నన్ను ఈ సంగీతంలోకి తీసుకొచ్చిన స్నేహితుడు "ఇక్కడ ఆపేయ్. నేరుగా 1999 నాటి 'ద గ్యాదరింగ్' విను. మధ్యలోవి వినకపోయినా నష్టం లేదు. అలెక్స్ స్కోల్నిక్ గిటారు లేని టెస్టమెంట్‌కు అర్థం లేదు" అంటున్నాడు. కానీ వరుస తప్పడం నాకు ఇష్టం లేదు. అందుకే తర్వాతి ఆల్బమ్ పెట్టాను. దాని పేరే 'లో'. తెలుగులో రాస్తే విభక్తిలా కనిపిస్తుంది కాబట్టి కొటేషన్లలో పెడుతున్నాను. కింద, అట్టడుగున అన్న అర్థంలో వచ్చే ఆంగ్ల పదం అది.

ఒకసారి మొత్తం విన్నాను. వేరే బ్యాండేమో అనుకున్నాను. గొంతు వేరు, గిటారు ధ్వని వేరు, డ్రమ్స్ వేరు. నచ్చిందో లేదో తేల్చుకోలేకపోతున్నాను. దీన్ని ఎక్కువసార్లు విన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నా స్నేహితుడి మాట సరైనదేనా? కాకపోతే దీన్ని ఎలా వినాలి?

డబుల్‌పెడల్ సమాధానం

మీ స్నేహితుడి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. 1994 ఎలాంటి సంవత్సరమో ఒకసారి చూడండి. ఆ మార్చిలో టెక్సస్ బ్యాండు పాంటెరా ఆల్బమ్ 'ఫార్ బియాండ్ డ్రివెన్' అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నేరుగా మొదటి స్థానంలోకి వచ్చింది. ఆగస్టులో మెషీన్ హెడ్ మొదటి ఆల్బమ్ వచ్చింది. మెటాలికా 1991లోనే వేగాన్ని వదిలేసింది. డార్క్ ఏంజెల్ 1992లో విడిపోయింది. మిగిలిన పాత బ్యాండ్లు చాలావరకు వేగం తగ్గించి, గ్రూవ్ (తల ఊగించే నింపాది లయ) పెంచి, ఏదోలా నిలబడాలని చూశాయి. 'లో'లో కూడా నాకు ఆ ఛాయ వినిపిస్తుంది. మొదటి పాట రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరుస) వినండి, అది 1988 టెస్టమెంట్ రాసే రిఫ్ కాదు. చెడ్డ ఆల్బమ్ అనను. కానీ కాలానికి తలవంచిన ఆల్బమ్ అంటాను. నేనైతే ఏడాదికి ఒకసారి వింటానేమో.

పాతక్యాసెట్ సమాధానం

మూడోతీగ గారూ, దాటేయకండి. ఈ ఒక్క ముక్క చెప్పాలనే చాలా కాలం తర్వాత ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఆల్బమ్ నా చేతికి క్యాసెట్‌గా వచ్చింది. ఒకరు ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చారు. అట్ట మీద పన్నెండు పాటల పేర్లు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. అప్పట్లో నా ఇయర్‌ఫోన్లలో కుడివైపుది పనిచేసేది కాదు. కాబట్టి కొన్ని నెలలపాటు 'లో'ను ఎడమ చెవితోనే విన్నాను. బాగుందనే అనుకున్నాను. తర్వాత ఒక రాత్రి ఇంకొకరి ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకుని, దీపం ఆర్పి, మొదటి పాట నుంచి పెట్టాను. కుడి చెవిలో రెండో గిటారు లేచింది. లేచి కూర్చున్నాను. అదే రిఫ్‌ను మళ్లీ వాయించి రెండో పక్కన పెడతారు. ఎంత చెయ్యి తిరిగినవాడైనా రెండుసార్లు అచ్చంగా ఒకేలా వాయించలేడు. ఆ వెంట్రుకవాసి తేడా వల్లే శబ్దానికి అంత మందం వస్తుంది. ఈ సంగతి నాకు అప్పటికి తెలియదు. కళ్ల ముందు ఎవరో గోడ కట్టినట్టు మాత్రం అనిపించింది. ఈ ఆల్బమ్‌ను ఫోను స్పీకరులో విని తీర్పు చెప్పేవాళ్లను చూస్తే అందుకే బాధ కలుగుతుంది.

డబుల్‌పెడల్ గారు పాంటెరా పేరెత్తారు. 1994ను తలచుకుంటే ఎవరికైనా ఆ పేరే ముందు గుర్తొస్తుంది. కానీ ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చిందన్న విషయంలో నేను మీతో ఏకీభవించను. అది టెక్సస్ నుంచి రాలేదు, ఫ్లోరిడా నుంచి వచ్చింది. 'ద రిచ్యువల్' తర్వాత స్కోల్నిక్, డ్రమ్మర్ లూయీ క్లెమెంటే ఇద్దరూ బయటికి వెళ్లిపోయారు. ఈ ఆల్బమ్‌లో స్కోల్నిక్ స్థానంలో వాయించినవాడు జేమ్స్ మర్ఫీ. అంతకుముందు అతను ఏం చేశాడో చూడండి. 1990లోనే డెత్ బ్యాండు 'స్పిరిచ్యువల్ హీలింగ్'లోనూ, ఒబిచ్యువరీ బ్యాండు 'కాజ్ ఆఫ్ డెత్'లోనూ సోలోలు వాయించాడు. ఫ్లోరిడా డెత్ మెటల్‌ను (థ్రాష్ కంటే బరువైన, లోతైన గర్జనల సంగీతాన్ని) నిలబెట్టిన బ్యాండ్లు అవి. అలాంటి మనిషిని శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతపు థ్రాష్ బ్యాండు పిలిచి తన పక్కన నిలబెట్టుకుంది. అమ్మకాల కోసం మెత్తబడాలనుకునే బ్యాండు చేసే పనేనా ఇది? రేడియోకు దగ్గర కావాలంటే డెత్ మెటల్ గిటారిస్టును తెచ్చుకుంటారా?

మర్ఫీ సోలోలు వినేటప్పుడు స్కోల్నిక్‌ను మనసులోంచి కాసేపు పక్కన పెట్టండి. స్కోల్నిక్ మాట్లాడినట్టు వాయిస్తాడు, వాక్యాలు పూర్తి చేస్తాడు, జాజ్ మీద ప్రేమ అప్పటికే వినిపిస్తుంది. మర్ఫీ ఒక స్వరం మీద ఆగి దాన్ని వణికిస్తాడు. వేగంగా వచ్చి, హఠాత్తుగా ఒక పొడవాటి స్వరం దగ్గర నిలబడి, తీగను లాగి, దాన్ని ఏడిపించి, మళ్లీ పరుగు అందుకుంటాడు. కింద రిఫ్ ఎంత మొరటుగా ఉంటే పైన ఆ స్వరం అంత ఒంటరిగా వినిపిస్తుంది. ఒకరిని మరొకరితో పోల్చి తక్కువ చేయడం నాకు చేతకాదు. ఇద్దరూ నాకు కావాలి.

ఇక గొంతు. మీరు వేరే బ్యాండేమో అనుకున్నది చక్ బిల్లీ గొంతు వల్లేనని నా అనుమానం. ఏడో పాట 'డాగ్ ఫేస్డ్ గాడ్స్' దగ్గర ఆగండి. నా దృష్టిలో ఈ ఆల్బమ్ గుండెకాయ అదే. కుక్క తల ఉన్న ఈజిప్టు దేవుళ్ల పాట అది. అందులో బిల్లీ అడుగు నుంచి గ్రోల్ (లోతైన బొంగురు గర్జన) తీస్తాడు. మొదటి అయిదు ఆల్బమ్‌లలో అతను అరిచాడు, గర్జించాడు, చక్కగా పాడాడు కూడా. ఇంత లోతు నుంచి, ఇంత సేపు పాడలేదు. గ్రోల్ అంటే గొంతు చించుకోవడం కాదు. నేను కొన్నాళ్లు ప్రయత్నించి రెండు రోజులు మాట పడిపోయాక అర్థమైంది, ఊపిరి పొట్ట నుంచి రావాలి, గొంతు కేవలం దారి ఇవ్వాలి. బిల్లీ దాన్ని పదం పదం వినపడేలా చేస్తాడు. అంత లోతులోనూ హల్లులు పదునుగా ఉంటాయి. ఆ పాటలో డబుల్ బేస్ (రెండు కాళ్లతో కొట్టే బేస్ డ్రమ్) పరుగు మీద ఆ గొంతు వచ్చి కూర్చునే చోటు ఒకటుంది. పాతికేళ్లు దాటినా అక్కడ నా మెడ వెనక వెంట్రుకలు లేస్తాయి.

డ్రమ్స్ జాన్ టెంపెస్టావి. అంతకుముందు ఎక్సోడస్‌లో ఉన్నాడు, తర్వాత వైట్ జోంబీలోకి వెళ్లాడు. టెస్టమెంట్‌తో చేసిన కొత్త పాటల స్టూడియో ఆల్బమ్ ఆ రోజుల్లో ఇదొక్కటే. అతను నింపాదిగా కొడతాడు. చోటు ఉంది కదా అని ప్రతి ఖాళీనీ నింపడు. రిఫ్‌కు ఊపిరి పీల్చుకునే సమయం ఇస్తాడు. గ్రూవ్ అని మీరంటున్నది ఇదే అయితే, ఒప్పుకుంటాను, ఉంది. కానీ అది నాకు లొంగిపోవడంలా వినిపించదు.

రెండో గిటారిస్టు ఎరిక్ పీటర్సన్ గురించి ఎవరూ తగినంత మాట్లాడరు. ఇన్నేళ్లలో ఎంతమంది వచ్చినా, ఎంతమంది పోయినా, టెస్టమెంట్ రిఫ్ అనగానే గుర్తుపట్టగలిగేది అతని కుడి చెయ్యి వల్ల. 'లెజియన్స్ ఇన్ హైడింగ్' రిఫ్ నేర్చుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది. ఎడమచేతి వేళ్ల పని కష్టమైనది కాదు. అరచేతి అంచును బ్రిడ్జి (గిటారు మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగల మీద ఎంత ఒత్తాలి అన్నదే కష్టం. ఎక్కువ ఒత్తితే శబ్దం చచ్చిపోతుంది. తక్కువ ఒత్తితే మోగిపోయి రిఫ్ అంచులు కరిగిపోతాయి. ఆ రెండింటి మధ్య ఒక బియ్యపుగింజంత చోటు ఉంటుంది, అక్కడ తీగ కొట్టిన చప్పుడు, తలుపు మీద పిడికిలి పడిన చప్పుడు ఒకేలా ఉంటాయి. పీటర్సన్ చెయ్యి పాట మొత్తం అక్కడే ఉంటుంది.

నిర్మాత గార్త్ రిచర్డ్‌సన్. రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ 1992 ఆల్బమ్ చేసినవాడే. ఆ ఆల్బమ్ విన్నవాళ్లకు ఇక్కడి ధ్వని ఎందుకు ఇంత పొడిగా, దగ్గరగా ఉందో అర్థమవుతుంది. పాత టెస్టమెంట్ ఆల్బమ్‌ల చుట్టూ ఉండే ప్రతిధ్వని ఇందులో లేదు. ముఖచిత్రం డేవ్ మెకీన్‌ది. పాత ఆల్బమ్‌ల పక్కన పెట్టి చూస్తే అది కూడా వేరే బ్యాండు అట్టలా కనిపిస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 'ఉరొత్సుకిదోజి' అనే వాద్య రచన తర్వాత వచ్చే 'చేజింగ్ ఫియర్', 'రైడ్' దగ్గర నా ధ్యాస జారుతుంది. ఈ రెంటిలో ఒకదాన్ని తీసేసినా నాకు అభ్యంతరం ఉండేది కాదు. అయితే ఆ వాద్య రచనను మాత్రం వదలకండి. గ్రెగ్ క్రిస్టియన్ బేస్ గిటారు ముందుకు వచ్చి మాట్లాడే చోటు అది. థ్రాష్‌లో బేస్‌కు అలాంటి అవకాశం తరచుగా దొరకదు.

చివరగా మీ స్నేహితుడి గురించి. 'ద గ్యాదరింగ్' గొప్ప ఆల్బమ్, అందులో సందేహం లేదు. డేవ్ లొంబార్డో డ్రమ్స్, స్టీవ్ డిజార్జియో బేస్. కానీ ముందు వరుసలో ఉన్న ముగ్గురు ఎవరు? బిల్లీ, పీటర్సన్, మర్ఫీ. 'లో'లో ఉన్న ముగ్గురే. గ్రోల్, పాత థ్రాష్ వేగం, మధ్యమధ్యలో పాడే గొంతు, ఈ మూడింటి కలయికను వాళ్లు కనిపెట్టింది 1994లో. 1997 నాటి 'డెమోనిక్'లో గ్రోల్ వైపు పూర్తిగా మొగ్గి చూశారు. 1999లో పాళ్లు కుదిరాయి. స్కోల్నిక్ తిరిగి వచ్చాక 2008లో చేసిన 'ద ఫార్మేషన్ ఆఫ్ డామ్నేషన్'లో కూడా బిల్లీ గొంతు 1988 గొంతు కాదు, 'లో'లో పుట్టిన గొంతే. చెట్టు పండును మెచ్చుకుంటూ వేరును చూడనక్కర్లేదనడం నాకు న్యాయంగా తోచదు.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈసారి మొదటి పాట నుంచి మొదలుపెట్టకండి. ముందు 'డాగ్ ఫేస్డ్ గాడ్స్', తర్వాత 'ట్రెయిల్ ఆఫ్ టియర్స్', ఆ తర్వాత మొదటికి వెళ్లి వరుసగా. ఇయర్‌ఫోన్లతో. రెండు చెవులతో.

గాలివాన సమాధానం

పాతక్యాసెట్ గారు 'ట్రెయిల్ ఆఫ్ టియర్స్' పేరు మాత్రమే చెప్పి ముందుకు వెళ్లారు. దాని గురించి నాలుగు మాటలు.

అది అమెరికా మూలవాసుల పాట. 1830లో ఆండ్రూ జాక్సన్ సంతకం చేసిన చట్టంతో ఆగ్నేయ రాష్ట్రాల్లోని తెగలను వాళ్ల నేల మీద నుంచి వెళ్లగొట్టడం మొదలైంది. 1838, 1839లలో చెరోకీలను ఇప్పటి ఓక్లహోమా వైపు నడిపించారు. దారిలోనూ, శిబిరాల్లోనూ ఆకలితో, చలితో, జబ్బులతో సుమారు 4,000 మంది చనిపోయారని సాధారణంగా చెప్పే లెక్క. ఆ దారినే కన్నీటి బాట అంటారు.

చక్ బిల్లీ పోమో తెగవాడు. పోమోలది ఉత్తర కాలిఫోర్నియా. వాళ్లు ఆ బాటలో నడవలేదు. కానీ వాళ్ల గాయాలు వాళ్లకున్నాయి. 1850లో క్లియర్ లేక్ దగ్గర అమెరికా సైనికులు పోమోలను, ఆడవాళ్లు పిల్లలతో సహా ఊచకోత కోశారు. కాబట్టి అతను చెరోకీల దుఃఖాన్ని పాడినప్పుడు అది చరిత్ర పాఠంలా వినిపించదు, పక్కింట్లో చావు జరిగితే మన ఇంటి చావు గుర్తొచ్చి ఏడ్చినట్టు వినిపిస్తుంది. పాట సుమారు ఆరు నిమిషాలు. మెల్లగా, శుభ్రమైన గిటారు ధ్వనితో మొదలై, బిల్లీ ఏ అరుపూ లేకుండా పాడి, తర్వాత బరువెక్కుతుంది. 2012లో వచ్చిన 'నేటివ్ బ్లడ్' పాటలో ఇదే మనిషి తన పుట్టుక గురించి తలెత్తుకుని పాడతాడు. రెండూ పక్కపక్కన వినండి. మధ్యలో 18 ఏళ్లు ఉన్నాయి, ఆ మధ్యలోనే అతను క్యాన్సర్‌తో పోరాడి బయటపడ్డాడు.

డబుల్‌పెడల్ సమాధానం

నిన్న రాత్రి మళ్లీ విన్నాను. ఫ్లోరిడా వాదన గురించి ఆలోచిస్తూ విన్నాను. 'డాగ్ ఫేస్డ్ గాడ్స్' విషయంలో పాతక్యాసెట్ గారిదే పైచేయి. ఆ పాటలో పాంటెరా జాడ లేదు. నేను ఆ పాటను మిగతా ఆల్బమ్‌తో కలిపి ఒకే గంపలో వేశాను, అది నా పొరపాటు.

టెంపెస్టా గురించి మీరన్నది కూడా డ్రమ్మర్‌గా ఒప్పుకుంటున్నాను. నింపకుండా వదిలేయడం నేర్చుకోవడానికి నాకు నింపడం నేర్చుకున్నదానికంటే ఎక్కువ కాలం పట్టింది. కానీ మొదటి పాట గురించి నా మాట మారలేదు. ఆ రిఫ్ 1994కు చెందినదే. మంచి రిఫ్, తల ఊగుతుంది, కానీ ఆ సంవత్సరం ముద్ర దాని మీద ఉంది. స్లేయర్ అదే ఏడాది సెప్టెంబరులో 'డివైన్ ఇంటర్వెన్షన్' తెచ్చింది. దానిలో అలాంటి ముద్ర నాకు తక్కువ వినిపిస్తుంది. ఇక్కడ మనం విభేదిద్దాం.

మూడోతీగ సమాధానం

అందరికీ ధన్యవాదాలు. చెప్పిన వరుసలోనే విన్నాను, రెండు రాత్రులు.

'డాగ్ ఫేస్డ్ గాడ్స్' మొదటిసారి నన్ను భయపెట్టింది. అది మంచి భయమేనని రెండోసారికి తెలిసింది. మర్ఫీ ఒక స్వరం మీద ఆగి వణికించడం అన్నారు కదా, ఆ మాట మనసులో పెట్టుకుని వింటే ప్రతి సోలోలోనూ దొరికింది. ఇంతకుముందు సోలో వస్తే వేళ్ల వేగం మాత్రమే లెక్కపెట్టేవాణ్ని.

'ట్రెయిల్ ఆఫ్ టియర్స్' మొదటిసారి విన్నప్పుడు ఎవరో అతిథి గాయకుడు పాడాడనుకున్నాను. ఏడో పాటలో గ్రోల్ చేసినవాడూ, ఇక్కడ ఇంత మెత్తగా పాడుతున్నవాడూ ఒక్కడేనని తెలిశాక మళ్లీ మొదటి నుంచి పెట్టాను. గాలివాన గారు చెప్పిన చరిత్ర చదివాక మూడోసారి పెట్టాను. మూడోసారి పాట బరువెక్కే చోట ఇయర్‌ఫోన్లు తీసేయాల్సి వచ్చింది, కాసేపు ఊరికే కూర్చున్నాను.

'రైడ్' నాకు నచ్చింది. పాతక్యాసెట్ గారు మన్నించాలి.

స్నేహితుడికి ఈ చర్చ మొత్తం పంపాను. 'ద గ్యాదరింగ్'లో ఉన్న ముగ్గురూ ఇందులో ఉన్నారన్న సంగతి అతనికి తెలియదు. వింటానన్నాడు. నేను ఇక 'డెమోనిక్'కు వెళ్లాలి. వెళ్లే ముందు ఒక ప్రశ్న: 'ట్రెయిల్ ఆఫ్ టియర్స్' మొదటి భాగంలా, ఆ మెత్తని గొంతుతోనే మొత్తం పాట ఎక్కడైనా ఉందా?

పాతక్యాసెట్ సమాధానం

ఉంది. 1995లో వాళ్లే తమ సొంత లేబుల్ మీద 'లైవ్ ఎట్ ద ఫిల్‌మోర్' అనే ఆల్బమ్ తెచ్చారు. శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ వేదిక మీది కచేరీ అది. అప్పటికి టెంపెస్టా వెళ్లిపోయాడు, డ్రమ్స్ జాన్ డెట్‌వి. మర్ఫీ మాత్రం ఉన్నాడు, కాబట్టి స్కోల్నిక్ రాసిన పాత సోలోలు అతని చేతిలో ఎలా మారాయో కూడా అందులో వినవచ్చు. కచేరీ పాటలన్నీ అయిపోయాక చివర్లో మూడు పాటలు అకూస్టిక్ గిటార్లతో ఉంటాయి: 'రిటర్న్ టు సెరెనిటీ', 'ద లెగసీ', మీరు అడిగిన 'ట్రెయిల్ ఆఫ్ టియర్స్'.

'డెమోనిక్' రేపు వినవచ్చు. ఈ రాత్రికి ఆ పాట పెట్టుకోండి. 'రైడ్' కూడా నేను మళ్లీ వింటాను, ఈసారి మీరు ఏం విన్నారో తెలుసుకోవాలని ఉంది.